పడుకున్న పన్నెండుమంది

మధ్యాహ్నం పన్నెండున్నరకి విజిల్ మోగగానే సైట్‌లో ఉన్న నూట నలభై మందీ ఎక్కడి పని అక్కడ వదిలేసి బేస్‌మెంట్ పార్కింగ్‌లోకి దిగుతారు. ఎండాకాలం మూడు నెలలూ మూడున్నర దాకా మనిషిని ఎండలో పని చేయించకూడదని ఒమాన్‌లో చట్టం. దిగినవాళ్లు దిగినట్టే అన్నం డబ్బా ఖాళీ చేసి, అట్టముక్కలు పరుచుకుని, మొహం మీద తువ్వాలు కప్పుకుని ఒరిగిపోతారు. పది నిమిషాలు తిరక్కుండా పార్కింగంతా గురకలే. ఆ గురకల మధ్య మెలకువగా ఉండేది ఇస్తారి ఒక్కడే.

అతని ముందు బోర్లించిన పెయింటు డబ్బా, దాని మీద వరసగా నీళ్ల సీసాల మూతలు. ఒక్కొక్క మూత మీద పుట్టీతో అతికించిన బొమ్మ. బొమ్మంటే చిటికెన వేలంత కూడా లేదు. తగరంతో పోత పోసిన ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు. ఆడవాళ్ల నెత్తిన ముందుకు పొడుచుకొచ్చిన గుడ్డటోపీలు, ఒంటిమీద పాదాల దాకా గౌన్లు. మగవాళ్లు రెండు చక్రాల చెక్కబండ్లను ఒంగి లాగుతుంటారు. అలాంటి మనుషులు అరవై మంది, బండ్లు పది. అన్నిటికీ శుక్రవారం లోపల రంగులు పడాలి.

ఇస్తారి నిర్మల్ వాడు. కొయ్యబొమ్మలకు రంగులేసే ఇంట్లో పుట్టి, ఇక్కడికొచ్చి గోడలకు రోలర్ తిప్పుతున్నాడు. రెండు నెలల కింద డబ్బాలో రంగు మిగిలిందని పనికిరాని ప్లైవుడ్ ముక్క మీద సరదాకి ఒక పాలపిట్టను వేశాడు. అది కాస్తా కంపెనీ అడ్మిన్ మేనేజర్ రఘుపతి కంట్లో పడింది. రఘుపతికి బల్ల మీద చిన్న చిన్న సైన్యాలను నిలబెట్టి పాచికలేసి యుద్ధాలాడే పిచ్చి ఉంది. దార్సైట్ పేటలో అతని ఫ్లాట్‌లో ఒక గదికి గది ఆ బొమ్మలదేనట. పిట్టను చూసిన మర్నాడే పార్సెల్ పెట్టె ఒకటి తెచ్చి ఇస్తారి ముందు పెట్టాడు.

మొదట వేసిన పది బొమ్మలకూ ఇస్తారి తమ ఇంటి అలవాటు కొద్దీ మీద వార్నిష్ కొట్టి తళతళలాడించాడు. రఘుపతి నెత్తి కొట్టుకున్నాడు. వేల మైళ్లు దుమ్ములో నడిచేవాళ్లు పెళ్లికి పోతున్నవాళ్లలా మెరిసిపోతే ఎలాగన్నాడు. ఆ మెరుపంతా గీకి, మళ్లీ మట్టిరంగు పట్టించేసరికి నాలుగు రోజుల మధ్యాహ్నాలు గడిచిపోయాయి. ఆ నాలుగు రోజులూ ఇస్తారి ఒక్కమాట కూడా అనలేదు. అనకపోవడానికి కారణం పక్కనే అట్టముక్క మీద పడుకుని ఉంది.

పోచన్నది ఇస్తారి పక్క ఊరే. ముప్పై కూడా నిండలేదు. ప్లాస్టరింగ్ వాళ్లకు బస్తాలు మోస్తాడు. మే నెల నుంచి పొద్దున లేచేసరికి మొహం ఉబ్బుతోంది, సాయంత్రానికి కాళ్లు ఉబ్బుతున్నాయి. తిన్నది కడుపులో నిలవడం లేదు. కంపెనీ పంపే క్లినిక్‌లో మాత్రలిచ్చి నీళ్లు బాగా తాగమన్నారు. తాగిన నీళ్లు బయటికి పోవడం లేదని పోచన్న సిగ్గుపడి డాక్టరుకు చెప్పలేదు, ఇస్తారికి చెప్పాడు. ఇంటికి పంపించండని ఆరు వారాలుగా ఇద్దరూ తిరుగుతున్నారు. పంపాలంటే వీసా క్యాన్సిల్ కాగితం మీద రఘుపతి సంతకం పడాలి. అది పడితేనే కంపెనీ బీరువాలోంచి పాస్‌పోర్టు బయటికొస్తుంది. కడుతున్న ఈ టవర్ అప్పగించే దాకా ఎవరినీ వదలొద్దని పైనుంచి ఆర్డరని రఘుపతి నీళ్లు నమిలాడు. చివరికి, "శుక్రవారం ఆట అయిపోనీ ఇస్తారీ, శనివారం పొద్దున్నే మీవాడిది సంతకం పెట్టేస్తాను" అని మాటిచ్చాడు. ఇస్తారి బతుకంతా ఇప్పుడు ఆ శనివారం మీదే నిలబడి ఉంది.

"ఎవరన్నా గీళ్లు?" కళ్లు తెరవకుండానే అడిగాడు పోచన్న.

"అమెరికోళ్లంట తమ్మీ. నూట డెబ్బై ఏండ్ల కిందటి ముచ్చట."

"బండ్లకు ఎద్దుల్లేవా?"

"ఎద్దులు కొనే తాహతు లేనోళ్లంట. ఆళ్లే గుంజుకుంట పోయిన్రట."

"ఏడికి?"

"ఏదో ఊరికి. గాడికి పోతే మంచిగ బతుకుతమని."

పోచన్న ఇటు తిరిగాడు. "పోయిన్రా మరి?"

"ఏమో. సార్ చెప్పలే. నువ్వు పండు."

ఆ రోజు మంగళవారం. నిలబడ్డ బొమ్మలు నలభై ఎనిమిదీ దాదాపు అయిపోయాయి, కళ్లు తప్ప. కళ్లు ఆఖర్న పెట్టడం వాళ్లింటి పద్ధతి. మిగిలినవి పన్నెండు. అవి నిలబడినవి కావు. ఒకడు వెల్లకిలా, ఒకతె చెయ్యి తలకింద పెట్టుకుని పక్కకు తిరిగి, ఒక ముసలాయన మోకాళ్లు ముడుచుకుని, ఇద్దరు పిల్లలు ఒకే దుప్పటి కింద. ఇస్తారి వాటిని చూసి చుట్టూ చూశాడు. పార్కింగ్ నిండా అచ్చం అట్లాగే మనుషులు. వెల్లకిలా, పక్కకు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని. ఇక అడగడానికేముంది? పొద్దంతా బండి లాగినవాళ్లు మధ్యాహ్నం ఇంత నడుం వాల్చారు. ఎదురుగా పడుకున్నవాళ్లను చూసుకుంటూ ఒక్కొక్కరికి ప్రాణం పోసినట్టు రంగేశాడు. ఎండకు కమిలిన బుగ్గలకు ఎర్రటి ఛాయ, సగం తెరిచిన పెదవుల మీద లేత గులాబీ, మూసిన రెప్పల మీద సన్నని గీత. దుప్పటి కింది పిల్లల చెవులకు కూడా ఎరుపు పెట్టాడు. నిద్రలో చెవులు వేడెక్కుతాయని పిల్లలున్నవాడికి ఒకరు చెప్పాలా? ముసలాయనకు మాత్రం పక్కనే ఉన్న పోచన్నను చూసి వేశాడు, అతను కూడా మోకాళ్లు ముడుచుకునే పడుకుంటాడు గనక.

బుధవారం రఘుపతి వచ్చాడు. కారు దిగి పార్కింగ్‌లోకి నడిచే ఆ కాస్త దూరానికే చొక్కా వీపుకు అంటుకుపోయింది. పడుకున్నవాళ్ల కాళ్లు తొక్కకుండా జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ వచ్చి బోర్లించిన డబ్బా ముందు గొంతుక్కూర్చున్నాడు. పెద్ద మేనేజరు అలా గొంతుక్కూర్చోవడం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. చెడ్డవాడని ఎవరూ అనలేరు. పండక్కి లేబర్ క్యాంపుకు స్వీట్ల డబ్బాలు పంపించే మనిషి. జేబులోంచి భూతద్దం తీసి ఒక్కొక్క బొమ్మనూ చూస్తుంటే అతని కళ్లు చిన్నపిల్లాడి కళ్లలా వెలిగాయి.

"అబ్బ! ఈమె మొహం చూడవయ్యా. ఈవిడ మార్తా. నేనే పెట్టుకున్నాన్లే పేరు. భర్త దారిలో పోయాడు, ఐదుగురు పిల్లలతో తనే బండి లాగుతోంది. ఇతను ఎలైజా, నేతపనివాడు. ఇదిగో, ఈ బుడ్డది హన్నా, చెప్పుల్లేవు దీనికి. పాదాలు కాస్త ఎర్రగా పెట్టు."

"పెడత సార్."

"వీళ్లెవరో తెలుసా? మోర్మన్లని, క్రైస్తవుల్లోనే ఒక శాఖ. వీళ్లని ఎక్కడా బతకనివ్వలేదు. తరిమేస్తే పడమటికి, కొండలవతలకి పోయి సొంత ఊరు కట్టుకున్నారు. తర్వాత యూరప్ నుంచి బీదవాళ్లు కూడా అక్కడికి వస్తామని బయల్దేరారు. బండికి, ఎద్దులకి డబ్బుల్లేక ఈ తోపుడుబళ్లు. రెండు గుంపులు మాత్రం ఆలస్యంగా కదిలాయి. ఇప్పుడొద్దు, చలికాలం వస్తోంది, ఆగండని ఒకరిద్దరు చెప్పారు కూడా. వినలేదు. దేవుడున్నాడు పదండన్నారు. మధ్యలో మంచు పడింది." రఘుపతి భూతద్దం పక్కన పెట్టి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "రెండు వందల మందికి పైగా పోయారయ్యా. చదువుతుంటే నాకు అన్నం సహించలేదు."

ఇస్తారికి కూడా పాపమనిపించింది. అయ్యో అనుకున్నాడు. అలా అనుకుంటూనే, కరిగిన మనసు మళ్లీ గట్టిపడకముందే అడగాలని తొందరపడ్డాడు.

"సార్, మా పోచన్న ముచ్చట. పొద్దున మళ్ల కక్కుకున్నడు. జర ఇయ్యాలనే సంతకం చేస్తే..."

"చెప్పాను కదా, శనివారమని."

"ఆగేతట్టు లేడు సార్."

"శుక్రవారం మన ఇంటికి ఎవరొస్తున్నారో తెలుసా నీకు? క్లయింట్ వైపు పెద్దాయన. వాళ్ల ముత్తవ్వ ఈ బళ్లు లాగినవాళ్లలో ఉందట. ఆయన కోసమే ఈ ఆటంతా. ఆయన సంతోషపడితే టవర్ అప్పగింత పని మనకి నల్లేరు మీద నడక. అది అయిందంటే మీవాడినే కాదు, ఎవరిని పంపించాలన్నా నా చేతిలో పని. రెండు రోజులు ఓపిక పట్టు. ఓఆర్ఎస్ తాగించు." రఘుపతి లేచాడు. పోతూ పోతూ రెండడుగుల అవతల పడుకున్న మనిషిని దాటుకుంటూ వెళ్లాడు. అది పోచన్నే. ఆ సంగతి అతనికి తెలియదు.

అతను వెళ్లాక ఇస్తారి ఫోన్ మోగింది. పోచన్న భార్య దేవవ్వ.

"అన్నా, ఆయన ఫోన్ ఎత్తుతలేడు. నిన్న మాట్లాడితే మాట తేడా ఉన్నది. ఒక్క ముచ్చటనే నాలుగు మాట్ల అడిగిండు. నిజం జెప్పు, ఏమైంది?"

"ఏం గాలే దేవవ్వా. ఎండకు జర అలిసిండు. శనివారం కాయితం అయితది. మళ్ల వారం ఇంట్ల ఉంటడు."

"గ శనివారం ఆగుతడా అన్నా?"

ఎవరో పిలుస్తున్నారని అబద్ధం చెప్పి ఇస్తారి ఫోన్ పెట్టేశాడు. తర్వాత కుంచె కడిగి పక్కన పెట్టేశాడు. మార్తా కళ్లు పెట్టడం ఆ రోజుకు కుదరలేదు.

గురువారం మధ్యాహ్నానికి అరవై మందికీ కళ్లు పడ్డాయి, మూసిన రెప్పలతో సహా. ఇస్తారి ఒక్కొక్కరినీ మూతల మీంచి ఊడదీసి, బండ్లతో సహా బిస్కట్ల రేకు డబ్బాలో దూదిపొరల మధ్య పేర్చాడు. అడుగు పొర పడుకున్నవాళ్లది. రఘుపతి ఒంటిగంటకే వచ్చేశాడు. నిలబడ్డవాళ్లను చూసి ఒకటే మురిసిపోయాడు. ఇస్తారి భుజం తట్టి, ఇంత మంచి పనివాడివి గోడలకి సున్నాలేంటయ్యా అన్నాడు. ఆ మాటకు ఇస్తారి కూడా ఉబ్బిపోయాడు. లోపలి పొర తీసేసరికి రఘుపతి మొహం వాడిపోయింది.

"ఇదేంటి, వీళ్లకి బుగ్గలెర్రగా పెట్టావేంటి?"

"ఎండల నడిచిన్రు గద సార్. పండుకున్నరని..."

"పడుకోవడమేంటయ్యా! వీళ్లు చచ్చిపోయినవాళ్లు. ఆటలో ఒక్కొక్క రోజూ గడిచాక పాచిక వేస్తాం. చలికి మనిషి పోతే నిలబడ్డ బొమ్మని తీసేసి దీన్ని పెడతాం. వీళ్లు ఇంత నిగనిగలాడుతుంటే ఆ పెద్దాయన నవ్వడూ?"

ఇస్తారి దుప్పటి కింద ఉన్న ఇద్దరు పిల్లలనూ వేలితో ముట్టుకుని, "ఈ పిల్లలు సుత నా సార్?" అన్నాడు.

"అందరూను. మొహానికి బూడిద రంగు కలిపిన పసుపు పెట్టు. మైనంలాగ ఉండాలి. కళ్లకింద కాస్త ఆకుపచ్చ. పెదాలు నీలం. ఎప్పుడూ చూళ్లేదా నువ్వు, పోయినవాళ్లని?"

"చూసిన సార్."

"అయితే ఇంకేం. రేపు రెండింటికి డ్రైవర్ని క్యాంపుకి పంపిస్తాను. డబ్బా పట్టుకుని నువ్వు కూడా వచ్చెయ్. ఏదైనా విరిగితే అతికించడానికి ఉంటావు." రఘుపతి గడియారం చూసుకుని, డబ్బా మూత పెట్టాడు. "మంచి పని చేశావయ్యా. ఈ పన్నెండూ సరిచెయ్, చాలు."

ఆ సాయంత్రం క్యాంపుకు పోయే బస్సు ఎక్కడానికి పోచన్న రెండు చేతులతో కమ్మీలు పట్టుకుని కూడా మెట్టు మీదికి కాలు ఎత్తలేకపోయాడు. ఫోర్‌మన్ కమ్రాన్ వెనకనుంచి ఎత్తి లోపలికి తోశాడు. పాకిస్తాన్ మనిషి, పనిలో నోరు చెడ్డది, గుండె మంచిది. ఇస్తారిని పక్కకు పిలిచి, "యే ఆద్మీ ఠీక్ నహీ హై భాయీ. తుమ్హారా ముదీర్ క్యా బోలా?" అన్నాడు. మీ మేనేజరు ఏమన్నాడని. శనివారం అన్నాడని ఇస్తారి చెప్పాడు. కమ్రాన్ మేనేజరును ఒక బూతు తిట్టి ఊరుకున్నాడు.

శుక్రవారం సెలవు. అల్ హైల్ క్యాంపులో సెలవంటే బట్టలుతుక్కోవడం, ఫోన్లు మాట్లాడుకోవడం. రూమ్‌లో ఉండే ఎనిమిది మందిలో ఆరుగురు బయటికి పోయారు. ఇస్తారి కిటికీకి కట్టిన దుప్పటి తప్పించి వెలుతురు లోపలికి రానిచ్చాడు. పోచన్న కింది మంచంలో మోకాళ్లు ముడుచుకుని ఉన్నాడు. పొద్దున చాయ్ ఇస్తే ఒక గుక్క తాగి మళ్లీ ఒరిగాడు. కాసేపు నిద్రపోనీలే అనుకున్నాడు ఇస్తారి.

పన్నెండు బొమ్మలను మంచం పక్కన స్టూలు మీద వరసగా పెట్టి రంగు కలపడం మొదలుపెట్టాడు. తెలుపులో చిటికెడు నలుపు. మరీ సిమెంటు రంగయింది. పసుపు కలిపాడు, మురికి పిండి రంగయింది. వాళ్లింట్లో ఈ రంగు ఎవరూ ఎప్పుడూ కలిపింది లేదు. గడపదాటిన ఏ బొమ్మకైనా, అది రాజుదైనా రైతుదైనా, మొహంలో నెత్తురు కనపడాలనేది వాళ్ల పని. ఇప్పుడు పెట్టిన నెత్తురు తియ్యాలి. ఒక చుక్క ఆకుపచ్చ కలిపాడు. ప్లైవుడ్ చెక్క మీద గీసి చూశాడు. ఇంకాస్త పసుపు. మళ్లీ గీసి చూశాడు. ఏడో గీతకు అనుకున్నది వచ్చింది. చల్లబడ్డ మైనం రంగు, దాని అడుగున ఎక్కడో సన్నగా పచ్చదనం. సరిగ్గా ఇదే అనుకున్నాడు. ఆ తర్వాత గానీ, సరిగ్గా ఇదే అని తనకెట్లా తెలిసిందన్న అనుమానం రాలేదు.

ఆ రంగును ఈమధ్యే ఎక్కడో చూశాడు. ఎక్కడ చూశాడో గుర్తు చేసుకుంటూ తల తిప్పాడు.

కిటికీ వెలుతురు తిన్నగా పోచన్న మొహం మీద పడుతోంది. ఇస్తారి చెక్క పట్టుకుని మంచం మీదికి వంగాడు. గోడకు రంగు సరిపోయిందో లేదో చూడటానికి నమూనా ముక్కను ఆనించి చూస్తామే, అలా ఆ చెక్కను పోచన్న చెంప పక్కన పెట్టాడు. ఏడో గీతకూ చెంపకూ తేడా లేదు. కళ్లకింద పచ్చన. పెదవులు నీలం కాలేదింకా, తెల్లబారాయి.

ఆరు వారాలుగా ఇస్తారి ఈ మొహాన్ని రోజూ చూస్తూ, ఉబ్బు దిగిందా లేదా అనే చూశాడు గానీ రంగు చూడలేదు. రంగులు చూడటమే పనైనవాడు! మూడు రోజుల కింద ఈ మొహాన్నే ఎదురుగా పెట్టుకుని ముసలాయన బుగ్గలకు ఎరుపు పూశాడు. చూసింది చూడలేదు, చూడాలనుకున్నది చూశాడు.

"తమ్మీ! పోచన్నా! లే, లేరా!"

పోచన్న రెప్పలు సగం తెరిచాడు. "మడికి నీళ్లు పెట్టొస్తన్న," అన్నాడు. నాలుక మడత పడుతోంది. ఊపిరిలో ఏదో ఉచ్చవాసన. ఇస్తారి కుంచె ఎక్కడ పడేశాడో తెలియదు, వరండాలోకి ఉరికి కమ్రాన్‌ను కేకేశాడు. కమ్రాన్ బనీను మీదే వచ్చి, పోచన్న మొహం చూసి ఒక్క ప్రశ్న కూడా వేయకుండా కంపెనీ పికప్ తాళం తెచ్చాడు. బండి బయటికి తీయడానికి శుక్రవారం పర్మిషన్ కావాలి. ఎవరినీ అడగలేదు. "పకడో, పకడో" అంటూ ఇద్దరూ కలిసి అతన్ని దుప్పటితో సహా ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టారు. ఇస్తారి చేతికందిన బొమ్మలన్నిటినీ డబ్బాలో పోసి, పోచన్న బతాకా అనే గుర్తింపు కార్డు, మందుల చీటీలు ఉన్న సంచిలోనే పడేసుకున్నాడు. అలా ఎందుకు చేశాడో అప్పుడు అతనికే తెలియదు. అలవాటు కొద్దీ చేసిన పని, రంగు పని ముగియని బొమ్మను ఇంట్లో వదిలి పోవడం వాళ్లకు చేతకాదు.

సర్కారు ఆసుపత్రిలో ఎమర్జెన్సీ వాళ్లు బతాకా చూసి, ఇంకేమీ అడగకుండా లోపలికి తీసుకుపోయారు. గంట తర్వాత మలయాళీ నర్సు బయటికొచ్చి హిందీలో మెల్లగా చెప్పింది. రెండు కిడ్నీలూ పోయాయి. నెత్తురు శుభ్రం చేసే మెషీన్ మీద పెడుతున్నారు. ఇంకొక్క రోజు ఆగి ఉంటే తెచ్చినా లాభం ఉండేది కాదు. నాలుగైదు సార్లు మెషీన్ పెట్టాక ప్రయాణం చెయ్యొచ్చు. ఊరికి పోయాక కూడా జన్మంతా మెషీన్ తప్పదు.

"పెహలే క్యోఁ నహీ లాయా?" అని అడిగింది ఆమె. ముందే ఎందుకు తేలేదని. మందలించడం కాదు, మామూలుగానే అడిగింది. ఇస్తారి మందుల చీటీలన్నీ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

రెండున్నరకు ఫోన్. రఘుపతి.

"ఏమయ్యా, ఎక్కడున్నావ్? డ్రైవర్ క్యాంపులో నీ కోసం చూస్తున్నాడు. నాలుగింటికి వాళ్లొచ్చేస్తారు."

"ఆసుపత్రిల ఉన్న సార్. పోచన్నకు మిషిన్ పెట్టిన్రు. రెండు కిడ్నీలు పోయినయంట."

"అయ్యయ్యో!" రఘుపతి నిజంగానే కంగారుపడ్డాడు. "దేవుడా. సరే, నువ్వక్కడే ఉండు, మీవాడిని చూసుకో. ఏం భయపడకు." ఒక క్షణం ఆగాడు. "డబ్బా రూమ్‌లోనే ఉందా? ఎవరైనా తీసి డ్రైవర్‌కి ఇస్తారా?"

ఇస్తారి సంచి వైపు చూశాడు. ఆరు వారాలుగా ఈ మనిషితో అతను 'సార్' అనే మాటతోనే మొదలుపెట్టాడు, 'సార్' అనే మాటతోనే ముగించాడు. ఇప్పుడు సంచిని కాళ్ల మధ్యకు లాక్కున్నాడు.

"డబ్బా నా దగ్గర్నే ఉన్నది. మీరు కాయితం తెచ్చి తీస్కపోండ్రి."

"ఏ కాయితం?"

"క్యాన్సిల్ కాయితం. సంతకం చేసి, ముద్ర గొట్టి తేండ్రి. డబ్బా ఇస్త."

"ఎవరితో మాట్లాడుతున్నావో తెలుస్తోందా నీకు?"

"తెలుస్తున్నది సార్."

ఫోన్ కట్టయింది. పోలీసులను పంపిస్తాడేమో, తన వీసా కూడా ఈ రోజుతో సరేమో, ఊళ్లో భార్య సుమలత పిల్లలకు ఏం చెప్పుకుంటుందో అని ఇస్తారికి ఒకటే ఆలోచనలు. డబ్బా మూత తీసి చూశాడు. హడావుడిలో పోసేసరికి బొమ్మలన్నీ కలగాపులగం అయిపోయాయి, నిలబడ్డవాళ్లూ పడుకున్నవాళ్లూ ఒకళ్ల మీద ఒకళ్లు. ఆ రంగు మాత్రం ఎవరికీ అంటలేదు. ఈ డబ్బాను నేలకేసి కొట్టి తొక్కేస్తే ఎట్లుంటుందని ఒకసారి అనుకున్నాడు. అంతలోనే మార్తా మొహం కనపడి మూత పెట్టేశాడు.

మూడుంపావుకు రఘుపతి వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చేతిలో తోలుసంచి. కారిడార్‌లో కుర్చీలో కూర్చుని మోకాళ్ల మీద సంచి పెట్టుకుని దాంట్లోంచి కంపెనీ పేరున్న ఖాళీ ఫారం ఒకటి, ముద్ర, కలం తీశాడు. ఫారాలూ ముద్రా ఎప్పుడూ ఆ సంచిలోనే తిరుగుతాయి కాబోలు. ఇస్తారి మొహం చూడకుండా రాయడం మొదలుపెట్టి, మొదటి గీత దగ్గరే ఆగాడు.

"పేరు?"

"ఎవరిది సార్?"

"మీవాడిదయ్యా. ఇతని పూర్తి పేరేంటి?"

ఇస్తారి అతని వైపే చూశాడు. ఆరు వారాలు. ఎన్నిసార్లు చెప్పి ఉంటాడు? మార్తా, ఎలైజా, చెప్పుల్లేని హన్నా. కోపం వస్తుందనుకున్నాడు, రాలేదు, ఏడుపొచ్చింది. సంచిలోంచి బతాకా తీసి అతని చేతిలో పెట్టాడు. రఘుపతి అది చూసి రాసుకున్నాడు, సంతకం పెట్టాడు, ముద్ర కొట్టాడు. ఎదురుగా గోడ గడియారంలో అంతా కలిపి రెండు నిమిషాలు కూడా కాలేదు. ఒక బొమ్మకు ఒక కన్ను పెట్టడానికి ఇస్తారికి అంతకంటే ఎక్కువ పడుతుంది.

"రేపు ఆఫీసుకొచ్చి పాస్‌పోర్టు తీసుకో. నీ సంగతి కూడా రేపే మాట్లాడదాం." రఘుపతి డబ్బా తీసుకుని మూత ఎత్తి చూశాడు. "ఇవేంటి, ఇంకా అలాగే ఉన్నాయి?"

"రంగు కలిపిన సార్. ఎయ్యబుద్ధి కాలే."

రఘుపతి ఏదో అనబోయి, గడియారం చూసుకుని, డబ్బాను రెండు చేతులతో గుండెలకు ఆనించుకుని గబగబా నడిచి వెళ్లిపోయాడు. లోపల మెషీన్ మీదున్న మనిషిని చూడాలన్న ధ్యాస అతనికి రాలేదు.

ఐదు గంటలకు ఇస్తారిని లోపలికి పోనిచ్చారు. పోచన్న చేతికీ మెడకూ గొట్టాలు. మొహంలో ఆ పచ్చదనం కాస్త తగ్గింది, తగ్గిందో లేక తగ్గిందని తనకు అనిపిస్తోందో ఇస్తారి ఈసారి తేల్చుకోలేకపోయాడు. దగ్గరికి వంగి మరీ చూశాడు. పోచన్న అతన్ని గుర్తుపట్టాడు.

"అన్నా."

"తమ్మీ, అయింది. కాయితం అయింది. వారం, పది రోజులల్ల ఇంటికి పోతవు." ఇస్తారి కాగితం విప్పి అతని కళ్ల ముందు పట్టుకున్నాడు.

పోచన్న అక్షరాలు చదవలేదు, ముద్రను చూశాడు. ఎండిన పెదవుల మీద నవ్వులాంటిది కదిలింది. "సార్ ఇచ్చిండా?"

"ఇచ్చిండు."

"ఎట్ల ఇచ్చిండే?"

బొమ్మల కోసమని చెప్పబుద్ధి కాలేదు ఇస్తారికి. చావుకు దగ్గరగా పోయొచ్చినవాడికి, నీ బతుకు కోసం కాదురా, తగరం ముక్కల కోసమని ఎట్లా చెప్తాడు? "గట్టిగ అడిగిన. అడిగితే ఇచ్చిండు," అన్నాడు.

పోచన్న పైకప్పు వైపు చూస్తూ ఆ మాటను కాసేపు మనసులో తిప్పుకున్నాడు. అతని గొంతులో నిష్ఠూరం ఏమాత్రం లేదు. తెలియని సంగతి తెలుసుకుందామని చిన్నపిల్లలు అడిగినట్టే అడిగాడు.

"అడిగితే ఇస్తడా? మరి మొదలే గట్ల అడగకపోయినవా అన్నా?"

మెషీన్ తిరుగుతూనే ఉంది. ఇస్తారి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ తీసి, నలిగిందేమోనని చూసి, మళ్లీ పెట్టుకున్నాడు. ఆ బొమ్మలు ఆరు వారాలూ తన చేతిలోనే ఉన్నాయి. ఫోన్ మోగింది, దేవవ్వ. ఆమెకు చెప్పవలసిన మాట ఈసారి తన దగ్గర ఉంది, అయినా ఎత్తడానికి చాలాసేపు పట్టింది.